ఊఁ... ఇంకా చెప్పండి

కౌన్సెలింగ్‌లో పరిచయ కోర్సు చేస్తున్నవాణ్ని పెళ్లిభోజనాల బంతిలో కూడా పోల్చుకోవచ్చు. "ఈ మధ్య నిద్ర సరిగ్గా పట్టట్లేదండీ" అని ఎవరైనా అంటే మామూలు తెలుగువాడు పడుకోబోయే ముందు గసగసాల పాలు తాగమంటాడు, లేదా తనకి ఎన్నేళ్లుగా నిద్ర లేదో చెప్పడం మొదలుపెడతాడు. ఈయన మాత్రం చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని, కాస్త ముందుకి వంగి, కళ్లలోకి చూసి "ఊఁ..." అంటాడు. వేలకి వేలు ఫీజు కట్టి నేర్చుకున్న ఊఁ అది. ఈలోగా సాంబారు బకెట్టు దాటిపోతుంది.

మా పెద్దబావగారు ఈ జాతిలో మేలురకం. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లోను ఇచ్చినా ఇవ్వకపోయినా సలహా మాత్రం ఇచ్చి పంపేవారు. కిరాణాకొట్టు పెడతానన్నవాణ్ని మందులషాపు పెట్టమనేవారు. మందులషాపు పెడతానన్నవాణ్ని ముందు పెళ్లి చేసుకోమనేవారు. రిటైరయ్యాక సలహాలకి గిరాకీ పడిపోయింది. డాలస్‌లో ఉన్న కొడుకు వారానికి ఒకసారి చేసే ఫోను కూడా వాళ్లమ్మ నంబరుకే చేయడం మొదలుపెట్టాడు. "ఇన్నాళ్లూ ఊరికే ఇచ్చాను, ఇక మీదట పద్ధతిగా ఇస్తాను" అని బావగారు కూకట్‌పల్లిలో శని ఆదివారాల కోర్సు ఒకదానిలో చేరారు. మొదటిరోజు మొదటి గంటలోనే చెప్పారట, కౌన్సెలర్ అన్నవాడు సలహా ఇవ్వకూడదని.

"కట్టిన ఫీజు వెనక్కిస్తారా?" అని అడిగారట బావగారు. ఇవ్వరట. దాంతో ఉండిపోయారు.

ఇలాంటి క్లాసులకి వచ్చేవాళ్లని చూస్తే ముచ్చటేస్తుంది. రిటైరైన ఉద్యోగులు, స్కూలు టీచర్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో హెచ్‌ఆర్ అమ్మాయిలు, పిల్లలు అమెరికా వెళ్లిపోయి ఇల్లు బోసిపోయిన తల్లులు. ఎందుకు చేరారంటే అందరూ సమాజసేవ అనే అంటారు. రెండోవారానికల్లా అసలు సంగతి బయటపడుతుంది. సగంమంది అత్తగారిని బాగుచేద్దామని వచ్చినవాళ్లు, తక్కిన సగం కోడల్ని. తమని తాము చూసుకోవడానికి వచ్చినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్లు వెనక బెంచీలో కూర్చుంటారు.

కార్ల్ రోజర్స్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1957లో ఒక వ్యాసం రాసి, మనిషి మారాలంటే కొన్ని షరతులుంటే చాలన్నాడు. అందులో మూడింటిని ఇక్కడ ఎక్కాల్లా వల్లె వేయిస్తారు. ఎదుటివాడి లోపలికి వెళ్లి చూడగలగడం, ఏ షరతూ లేకుండా వాణ్ని ఆదరించడం, మన లోపలా బయటా ఒకటిగా ఉండటం. రెండోది బావగారికి మింగుడు పడలేదు. "షూరిటీ లేకుండానా?" అన్నారు.

ఎలా కూర్చోవాలో కూడా నేర్పుతారు. జెరార్డ్ ఈగన్ అనే ఆయన చెప్పిన పద్ధతి అది. ఎదురుగా కూర్చోవాలి, చేతులు కట్టుకోకూడదు, కాస్త ముందుకి వంగాలి, కళ్లలోకి చూడాలి, ఒళ్లు వదులుగా ఉంచాలి. ముగ్గురేసి జట్లు కట్టిస్తారు, ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి, మూడోవారు చూస్తూ కాగితం మీద టిక్కులు పెట్టుకోవాలి. ఏళ్ల తరబడి వెనక్కి వాలి కూర్చుని లోను కాగితాలు తిప్పిన మనిషి ఒక్కసారిగా ముందుకి వంగితే ఎదుటివాళ్లకి బాకీ వసూలుకి వచ్చినట్టే ఉంటుంది కదా! ఆయన వంగినంతమేరా హెచ్‌ఆర్ అమ్మాయి కుర్చీ వెనక్కి జరిగింది. పాపం, వాళ్ల నాన్నగారు తనతో మాట్లాడటం మానేశారని చెబుతోంది. రెండు నిమిషాలు ఓర్చుకున్నారు బావగారు. మూడో నిమిషంలో, "చూడమ్మా, నేను సలహా ఇవ్వకూడదు. కానీ నీ స్థానంలో బుర్ర ఉన్నవాడెవడైనా ఉంటే ఏం చేస్తాడో చెబుతాను" అన్నారు. టిక్కులు పెట్టే టీచరమ్మ పెన్ను మూత పెట్టేసింది.

క్లాసులో పడిన దెబ్బకి ఇంట్లో సాధన పెరిగింది.

"ఏమండీ, కుక్కరు మూడు కూతలు కూసింది, కట్టేయండి" అంది అక్క ఓ రోజు బాల్కనీలోంచి బట్టలు తీస్తూ.

"కుక్కరు కూస్తుంటే నీకు కంగారుగా ఉందన్నమాట" అన్నారాయన, సోఫాలోంచి కదలకుండా, ఒళ్లు వదులుగా ఉంచి.

"కంగారు కాదండీ, పప్పు!"

"పప్పు..." అని ఆ మాటనే మెల్లగా తిరిగి అప్పగించి, కాసేపు ఆగి, "ఇంకా చెప్పు" అన్నారు.

అయిదో కూతకి అక్కే వచ్చి కట్టేసుకుంది. ఆ పూట పప్పులో గరిటె వేస్తే అడుగున చప్పుడైంది.

చివరి మాట పట్టుకుని తిప్పి అప్పగించే పని యంత్రం ఎప్పుడో నేర్చేసుకుంది. 1966లోనే అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసరు జోసెఫ్ వైజెన్‌బామ్, ఎలైజా అని ఒక కంప్యూటర్ ప్రోగ్రాము తయారుచేశాడు. మనం టైపు చేసిన వాక్యాన్నే ప్రశ్నగా మార్చి మనల్నే అడుగుతుంది, అంతకుమించి దానికేమీ తెలీదు. ఆ సంగతి తెలిసిన ఆయన సెక్రటరీయే దానితో నాలుగు మాటలాడి, "మీరు కాస్త బయటికి వెళ్తారా" అని ఆయన్నే గదిలోంచి పంపేసిందట. ఈ కథ అక్కకి చెప్పాను. "ఆ యంత్రమే నయంరా, కరెంటు పోతే ఊరుకుంటుంది" అంది.

వారానికో సిద్ధాంతం దిగుతుంది కాబట్టి చుట్టాలందరికీ వారానికో గండం. ఎరిక్ బెర్న్ వారంలో ప్రతి మనిషిలోనూ ఒక పేరెంట్, ఒక అడల్ట్, ఒక చైల్డ్ ఉంటారని తెలిసింది. తెనాలిలో ఉన్న తల్లికి ఫోను చేసి, ఆవిడ బీపీ బిళ్లల గురించి గుర్తుచేస్తుంటే మధ్యలో ఆపి, "అమ్మా, ఇప్పుడు నీలోంచి పేరెంట్ మాట్లాడుతోంది" అన్నారు. "మరెవరు మాట్లాడాలిరా, పక్కింటావిడా?" అందావిడ.

ఆ తర్వాతది జాన్ బౌల్బీ వారం. పసితనంలో తల్లికి దూరమైతే ఆ దెబ్బ పెద్దయ్యాక కూడా కనిపిస్తుందని ఆ వారం పాఠం. బావగారికి రాత్రంతా నిద్రలేదు. తెల్లారి ఆరింటికి మళ్లీ తెనాలికి ఫోను.

"అమ్మా, నాకు మూడేళ్లప్పుడు నన్ను అమ్మమ్మ దగ్గర ఎందుకు వదిలేశావు?"

"నీ చెల్లెలి పురుడురా! ఒక్క నెల. తీసుకెళ్లడానికి నాన్నగారొస్తే, రానని గుంజ పట్టుకుని ఏడిచింది నువ్వు. మీ అమ్మమ్మ మామిడితాండ్ర అలవాటు చేసింది." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "ఒరే, కోర్సు కోర్సు అంటున్నావు, ఆ ఎర్రగడ్డ ఆసుపత్రిలో గానీ చేరలేదు కదా?" అందట.

గోప్యత గురించి ఒక క్లాసు మొత్తం చెప్పారు. విన్నది గదిలోనే ఉండిపోవాలి. బావగారు దాన్ని అక్షరాలా పాటిస్తారు. ఓ గృహప్రవేశంలో నా చెవి దగ్గరికి వంగి, "పేరు మాత్రం చెప్పనోయ్, అది మా వృత్తిధర్మం. మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, మెట్ల పక్క ఫ్లాటు, ఈమధ్యే ఎర్రకారు కొన్నాయన..." అని మొదలుపెట్టారు. ఆ ఎర్రకారాయన మాకు ఎదురుగానే నిలబడి పాయసం తాగుతున్నాడు.

ఈలోగా విజిటింగ్ కార్డులు వచ్చేశాయి. కౌన్సెలర్, లైఫ్ కోచ్ అని రెండు వరుసల్లో. నిజానికి ఈ దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే పైచదువులు చదివి, ఆసుపత్రుల్లో పెద్దల కింద పనిచేసి, 1992 చట్టం కింద నడిచే పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. వట్టి కౌన్సెలర్ అన్న బోర్డుకి మాత్రం చాలాకాలం ఏ కాపలా లేదు. అనుబంధ ఆరోగ్య వృత్తుల మీద 2021లో చట్టం వచ్చాకే ఆ వైపు ప్రభుత్వం చూపు పడింది. అప్పటికే గల్లీకో కార్డు తిరుగుతోంది.

కార్డు చూసి మొట్టమొదట వచ్చింది కింది ఫ్లాటాయన. చేతిలో కొడుకు ర్యాంకు కార్డు. "కౌన్సెలింగ్ మీరు చేస్తారటగా సార్! మావాడికి నలభై వేల ర్యాంకు, సీఎస్‌ఈ ఎక్కడొస్తుందంటారు? వెబ్ ఆప్షన్లు మీరే పెట్టేయండి."

బావగారు ముందుకి వంగారు. "ఆ ర్యాంకు చూసినప్పుడు మీకు ఒంట్లో ఎక్కడ ఏమనిపించింది?"

"గుండెల్లో సార్. ఫీజు గురించి."

కోర్సు చివర్లో, పాఠాలు చెప్పే మేడమ్ అసలు మెలిక పెట్టింది. ఈ దారిలో ముందుకి పోదలుచుకున్నవాళ్లు ముందు తామే ఎవరి దగ్గరికైనా వెళ్లి కూర్చుని రావాలంది. ఫ్రాయిడ్ శిష్యుల కాలం నుంచీ ఉన్న ఆచారమేనట. "నాకేం రోగం?" అన్నారు బావగారు. అన్నా వెళ్లారు. ఆ సాయంత్రం అక్క నాకు ఫోను చేసింది. "మీ బావ వచ్చిన దగ్గర్నుంచీ మాట్లాడట్లేదురా. కుక్కరు కూడా ఆయనే కట్టేశారు. నాకు భయంగా ఉంది."

మర్నాడు వెళ్లి పలకరించాను. "ఆ కౌన్సెలరమ్మ ఏమీ అనలేదోయ్. నేనే మాట్లాడుతూ పోయాను. మావాడు ఫోను మీ అక్కకి ఎందుకు చేస్తాడో అన్నదగ్గర ఆగిపోయాను. ఆవిడ అప్పుడూ ఏమీ అనలేదు" అన్నారు. కాసేపటికి లోపలి మేనేజరు తేరుకున్నాడు. "అయినా ఇదేం లెక్కోయ్? గంటకని డబ్బు తీసుకుని యాభై నిమిషాలకే లేచి నిలబడతారు!"

ఆఖరి క్లాసు మన వల్ల కానిదాని గురించి. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే ఈ సర్టిఫికెట్ పట్టుకుని ఊఁ కొడుతూ కూర్చోవద్దని, దగ్గరుండి తెలిసినవాళ్లకి అప్పగించాలని చెప్పారట. కోర్సు మొత్తంలో బావగారు ఎదురు ప్రశ్న వేయకుండా రాసుకున్నది అదొక్కటే. ఇప్పుడు ఆయన ఎవరికి కార్డిచ్చినా వెనకవైపు పెన్నుతో 14416 అని రాసి ఇస్తున్నారు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరది. రాత్రీ పగలూ పలుకుతుంది, పైసా అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మనసు బొత్తిగా బాగాలేనివాళ్లు మొహమాటపడకుండా ఆ వెనకవైపు నంబరుకే చేయండి. ముందువైపు నంబరుకి చేసేవాళ్లు మాత్రం స్టవ్ కట్టేసి చేయండి. ఆయన అడ్వాన్స్‌డ్ కోర్సుకి ఇంకా ఫీజు కట్టలేదు.