లూపు పట్టని ఎమ్మెస్సీ

మా రోజుల్లో మైక్రోబయాలజీ ప్రాక్టికల్ అంటే పొద్దున్నే అగార్ తూచడంతో మొదలయ్యేది. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి, ఫ్లాస్కు వేడి అరచెయ్యి ఓర్చుకునేంతకు తగ్గాక ప్లేట్లలో పోసేవాళ్ళం. తొందరపడితే మూతల నిండా ఆవిరి నీళ్ళు, ఆలస్యమైతే ఫ్లాస్కులోనే గడ్డ. గ్రామ్ స్టెయిన్‌లో ఆల్కహాల్ కాస్త ఎక్కువసేపు నిలిచిందా, ఊదారంగులో ఉండాల్సిన బ్యాక్టీరియా ఎర్రగా కనబడుతుంది, రిపోర్టే తారుమారు. ఈ అంచనాలు చేత్తో చేస్తేనే వస్తాయి.

మొన్న మా చుట్టాలమ్మాయి వచ్చింది, ఎమ్మెస్సీ రెండో ఏడు. "ప్రాక్టికల్స్ మేడమ్ చేసి చూపిస్తారు తాతయ్యా, మేం రికార్డు రాసుకుంటాం" అంది. నా కడుపు మండిపోయింది. ఆ పిల్లదేం తప్పు? ఫీజంతా కట్టించుకుని, క్రిముల్ని ప్లేటు మీద గీసే తీగ లూపు చేతికివ్వని కాలేజీని అనాలి. ప్లేట్లు కూడా రెడీమేడ్‌వేనట. ఫ్యాక్టరీలో వాడితే సరే, అన్నీ ఒకేలా ఉంటాయి. నేర్చుకునే చోట అవెందుకు?

చదువయ్యాక మెడికల్ కోడింగ్‌లో చేరుతుందట. అమెరికా ఆసుపత్రుల బిల్లుల కోసం జబ్బులకు కోడ్లు వెయ్యడం. జీతం వస్తుంది, ఇల్లు గడుస్తుంది, కాదనను. కానీ ఉండేది హైదరాబాద్‌లో! రొనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది ఈ సికింద్రాబాద్‌లోనే. శాంతా బయోటెక్నిక్స్ ఈస్ట్ కణాలతో హెపటైటిస్-బి టీకా చేసి 1997లో బయటికి తెచ్చిందీ, కోవాగ్జిన్ పుట్టిందీ ఇక్కడే. మేం చదివేనాటికి పాల డెయిరీయో, నీటి పరీక్షల ల్యాబో, మెడికల్ కాలేజీలో చిన్న ఉద్యోగమో, అంతే. ఇప్పుడు జీనోమ్ వ్యాలీ టీకాల కంపెనీలున్నాయి, జడ్చర్ల, పరవాడ మందుల ఫ్యాక్టరీలున్నాయి.

అక్కడ క్వాలిటీ కంట్రోల్‌లో కావాల్సింది చెయ్యే. ఇంజెక్షన్ శాంపిళ్ళను క్రిములు పెరిగే మీడియాలో వేసి 14 రోజులు చూస్తారు. మసక కట్టిందంటే బ్యాచ్ కదలదు. ఆ క్రిమి మందులోదా, పరీక్ష చేసినవాళ్ళ చేతి నుంచి పడిందా? చెయ్యి శుభ్రంగా ఆడేవాళ్ళకే ఆ ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పే హక్కుంటుంది.

ఆ అమ్మాయికి ఒకటే చెప్పాను: సెలవుల్లో ఆసుపత్రి కల్చర్ ల్యాబుకు వెళ్ళి అడుగు, జీతం ఇవ్వకపోయినా సరే. ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తెలియక వార్డులో రోగులు ఎదురుచూస్తుంటారు. లూపుతో గీసే స్ట్రీకింగ్ అక్కడ నేర్చుకో, కోడింగ్ సంగతి తర్వాత చూద్దాం.