రేటు దిగదు, ఫ్లాటు కదలదు

హైదరాబాద్‌లో రేట్లు పడవు. 2013లో నాకు ఫ్లాటు కొనిపెడుతూ మా బ్రోకరు ఈ మాట అన్నాడు. నిరుడు ఉగాది వెళ్లిన వారానికి అదే ఫ్లాటు అమ్మిపెట్టవయ్యా అని పిలిస్తే మళ్లీ అదే మాట. "మార్కెట్ కొంచెం డల్‌గా ఉంది సార్, రేట్లు మాత్రం పడలేదు." డల్‌గా ఉన్న మార్కెట్లో రేటు పడకుండా ఎలా ఉంటుందో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఏడాది తిరిగేసరికి అయింది. కొనేవాడు లేనప్పుడు రేటు ఎలా పడుతుంది? బేరం కుదిరితే కదా, ఎంతకు కుదిరిందో తెలిసేది!

నిజాంపేటలో మూడో అంతస్తు, తూర్పు ముఖం, 1,150 చదరపు అడుగులు, యూడీఎస్, అంటే స్థలంలో మా వాటా, 45 గజాలు. నేను పెట్టింది 32 లక్షలు. రిటైరయ్యాను కాబట్టి తెనాలి వెళ్లిపోదామని మా ఆవిడా నేనూ అనుకున్నాం. 68 లక్షలు చెబుదామన్నాడు బ్రోకరు. "అంతొస్తుందా?" అని పైకి అన్నాను గానీ, మనసులో అప్పుడే బ్యాంకులో వేసేశాను.

ఆ తర్వాత 'పార్టీలు' రావడం మొదలైంది. కొనేవాళ్లని బ్రోకర్లు పార్టీ అంటారు. ఒకాయన హాల్లో నిలబడి ఫోన్లో దిక్సూచి తెరిచి, మా తూర్పు పదకొండు డిగ్రీలు పక్కకు జరిగిందన్నాడు. పన్నెండేళ్లుగా పొద్దున్నే ఆ కిటికీలోంచే సూర్యుడొస్తున్నాడని చెప్పాను. సూర్యుడి సంగతి తనకు తెలియదనీ, ఫోను మాత్రం తప్పు చూపించదనీ అన్నాడు. ఇంకొకావిడ వంటింట్లో పప్పు డబ్బా మూత తీసి చూసింది. ఎందుకో ఈనాటికీ తెలియదు. వచ్చినవాళ్లందరూ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంతకీ ఎందుకమ్ముతున్నారంకుల్?" ఊరెళ్లిపోతున్నాం అన్నామా, నీళ్ల సమస్యేదో ఉందనుకుంటారు. డబ్బవసరం అన్నామా, అక్కడికక్కడే అయిదు లక్షలు కోస్తారు. అవసరం లేదన్నామా, మరెందుకమ్మడం?

ఆషాఢం వచ్చింది, ఎవరూ రాలేదు. శ్రావణంలో అమెరికా నుంచి ఒకబ్బాయి దొరికాడు. వీడియో కాల్లో ఇల్లంతా చూశాడు. కుళాయిలు తిప్పమన్నాడు, అయిదూ తిప్పాను. ఫ్లష్ కొట్టమన్నాడు, కొట్టాను. మంజీరా నీళ్లా బోరు నీళ్లా అన్నాడు. అరవైకి నోటిమాట అయింది. టోకెన్ వేస్తానన్న వారంలోనే, సెప్టెంబరు 19న, అక్కడ ట్రంప్ సంతకం పెట్టాడు. కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లట. ఆ అబ్బాయిది కొత్త దరఖాస్తు కాదు, ఆ లెక్క అతనికి అంటదు కూడా. కానీ భయం జీవో చదివి పుట్టదు కదా. "ఒక క్వార్టర్ ఆగుదామంకుల్" అన్నాడు. అవి మహాలయ పక్షాలు. ఆ రోజుల్లో టోకెన్ పుచ్చుకోకపోవడమే మంచిదని మా ఆవిడ అంది. వైట్‌హౌసూ మా పంచాంగమూ ఒక్క మాట మీదికి రావడం నేనెరిగినంతలో అదే మొదటిసారి.

అక్టోబరులో మా అపార్ట్‌మెంట్‌కు దీపావళి కాస్త ముందే వచ్చింది. రాయదుర్గంలో ప్రభుత్వ వేలంలో ఎకరం 177 కోట్లు పలికింది. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చి, అంచు ఖాళీలో లెక్క వేశారు. ఎకరానికి 4,840 గజాలు, గజం మూడు లక్షల అరవై అయిదు వేలు, ఇంటూ మీ నలభై అయిదు గజాలు. "కోటీ అరవై నాలుగు లక్షలు మాస్టారూ! ఒక్క స్థలమే! పైన ఇల్లు ఫ్రీ!" రాయదుర్గం ఎక్కడ, నిజాంపేట ఎక్కడ అని నేను అడగలేదు. "ఆ కోటీ అరవై నాలుగులో నాకు అరవై ఇప్పించండి, మిగిలిన కోటీ నాలుగు మీరే ఉంచుకోండి, రేపే రిజిస్ట్రేషన్" అన్నాను. ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టుకుని, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

ఈ వేలాల సంబరం మనకు కొత్తేం కాదు. 2006లో కోకాపేట వేలంలో ఎకరం 14 కోట్ల 50 లక్షల దాకా వెళ్తే ఊరంతా ఇలాగే లెక్కలు వేసుకుంది. తర్వాత 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. 2009 జనవరి 7న ఇక్కడ సత్యం రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాశారు. ఆ డిసెంబరు 9న తెలంగాణ మీద ఢిల్లీ ప్రకటన వచ్చింది, రాష్ట్రం ఏమవుతుందో తేలక కొనేవాడు చేయి ముడుచుకుని కూర్చున్నాడు. కోకాపేట వేలంలో గెలిచినవాళ్లలోనే కొందరు మా డబ్బు మాకిమ్మని కోర్టుకెక్కారు. ఇదంతా మా బ్రోకరు చూపించే రేట్ల గ్రాఫులో కనపడదు. అతని గ్రాఫు 2014 జూన్‌లో మొదలవుతుంది, అంతకు ముందు భూమి ఇంకా చల్లారలేదు కాబోలు. నేను తెనాలివాణ్ని. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వినపడ్డాక, తుళ్లూరు వైపు గజాల మాట తప్ప ఇంకో మాట ఎత్తనివాళ్లు ఉన్నట్టుండి వాతావరణం గురించి మాట్లాడటం చూశాను.

అయినా ఈ నమ్మకాన్ని ఎవడూ ఓడించలేడు. మా బావమరిది 2011లో శివార్లలో ప్లాటొకటి కొన్న దానికంటే తక్కువకే వదిలించుకున్నాడు. రేటు పడిందని ఒక్కళ్లూ అనలేదు. "తొందరపడ్డాడు" అన్నారు. నేనూ అన్నాను, కొంచెం గట్టిగానే. పెరిగితే అది భూమి మహిమ, తగ్గితే అమ్మినవాడి తెలివితక్కువ!

ఎదురు రోడ్డులో కొత్తగా కడుతున్న బిల్డరు దగ్గరకు ఒకరోజు కొనేవాడిలా వెళ్లాను. చదరపు అడుగు మీద ఒక్క రూపాయి తగ్గించడట. తగ్గిస్తే ముందు కొన్నవాళ్లు ఊరుకోరట. కాకపోతే అయిదు శాతం జీఎస్టీ వాళ్లే కడతారు. రిజిస్ట్రేషన్ ఖర్చు వాళ్లదే. తాళాలిచ్చేదాకా ఈఎంఐ వాళ్లదే. మాడ్యులర్ కిచెన్, హాల్లో ఏసీ, పది గ్రాముల బంగారం. ఇవన్నీ రేటులోంచి తీసేస్తే ఎంతకొస్తుందని కాగితం మీద లెక్క వేయబోతే, అక్కడి అమ్మాయి నవ్వుతూ కాగితం వెనక్కి తీసుకుని బ్రోషరు చేతిలో పెట్టింది. సరే, నేనూ ఏదో ఒకటి కలపాలి కదా అని సీలింగ్ ఫ్యాన్లు, గీజరు, బాల్కనీలో బట్టలారేసే స్టాండు కలిపాను. తులసికోట మాత్రం ఇవ్వనంది మా ఆవిడ.

నవంబరులో నిజంగా కొనేవాళ్లు వచ్చారు. పక్క వీధిలో అద్దెకుంటున్న భార్యాభర్తలు, ఇద్దరూ టీచర్లు. దిక్సూచి తీయలేదు, పప్పు డబ్బా తెరవలేదు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ అడిగి తీసుకున్నారు. బ్యాంకు ఎంత లోనిస్తుందో, స్టాంపుల ఖర్చు ఏడున్నర శాతం చొప్పున ఎంతవుతుందో చిన్న నోట్‌బుక్కులో రాసుకుని వచ్చారు. "54 వరకే మా వల్ల అవుతుందండీ" అన్నారు. ఎనిమిది నెలల్లో నేను విన్న మొదటి నిజమైన రేటు అది.

ఆ సాయంత్రమే అసోసియేషన్ అత్యవసర సమావేశం. లిఫ్టు మూడు నెలలు చెడిపోయినప్పుడు కూడా పెట్టని సమావేశం. మొత్తం ఇరవై ఫ్లాట్లు. అమ్ముతున్నది నేనొక్కణ్నే, అయినా ఇరవై మందికీ రేటుంది. నేను 54కు ఇస్తే అందరి రేటూ 54 అయిపోతుందట. 68 అనుకున్న ఇంటికి 14 లక్షల చొప్పున, నన్ను తీసేసి పంతొమ్మిది మందికి లెక్కేస్తే రెండు కోట్ల అరవై ఆరు లక్షల నష్టం. సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, నా చేతుల మీదుగా ఇంత డబ్బు పోబోయిందా అని నేను కూడా ఒక్క క్షణం వణికాను. ఒకాయన మధ్యేమార్గం చెప్పాడు: "అమ్ముకోండి మాస్టారూ, బయట మాత్రం 68కి ఇచ్చానని చెప్పండి." చూశారా, ఆయనకు కావలసింది నా ఇల్లు ఎంతకు పోయిందన్నది కాదు, ఎంతకు పోయిందని పదిమంది చెప్పుకుంటారన్నది.

తప్పంతా వాళ్ల మీద తోసేస్తే అబద్ధమవుతుంది. ఆ రాత్రి నేనూ తెగించలేకపోయాను. 60కి తగ్గనని కబురు చేశాను. వాళ్లు ఆలోచించుకుంటామనేలోపు నెలాఖరుకు శుక్రమౌఢ్యమి వచ్చిపడింది, ఫిబ్రవరి దాకా మాటల్లేవు.

ఖాళీగా ఉన్నాను కాబట్టి నేనూ పేపరు అంచున ఒక లెక్క వేశాను. 32 లక్షలు పన్నెండేళ్లలో 54 అయిందంటే ఏడాదికి నాలుగున్నర శాతం. నేను కొన్న ఏడాది పోస్టాఫీసు ఎనిమిదికి పైగా ఇచ్చేది. అద్దె మిగిలింది కదా అంటారా, నిజమే, హోమ్‌లోన్ మీద కట్టిన వడ్డీ కూడా మరి లెక్కలో పెట్టాలి. 54 తీసుకుని ఆరున్నర శాతానికి బ్యాంకులో వేసినా ఏడాదికి మూడున్నర లక్షలు వచ్చేవి. పైగా నెలనెలా మెయింటెనెన్స్ మూడు వేలు. మా అపార్ట్‌మెంట్ రేటు పడకుండా పట్టుకున్నందుకు నేను చెల్లిస్తున్న కూలి ఇది. అసోసియేషన్ దీనికి రసీదు ఇవ్వదు.

మౌఢ్యమి విడిచాక ఆ టీచర్లు మళ్లీ వచ్చారు. ఈసారి 51 అన్నారు. "రేట్లు పడలేదు కదమ్మా" అన్నాను, ఎక్కడో విన్న మాట నోటికొచ్చి. ఆవిడ నోట్‌బుక్కు మూసి, "పడలేదు మాస్టారూ, మేమే తగ్గాం. ఆయన స్కూల్లో ఈ ఏడు జీతాలు సగమే ఇస్తున్నారు" అంది. కాఫీ తాగి వెళ్లారు. వెనక్కి పిలవాలా వద్దా అని నేనూ మా ఆవిడా రెండు రోజులు తర్జనభర్జన పడి, మూడో రోజు పిలిస్తే ఫోను కలిసింది. ఇంకోచోట అడ్వాన్సు ఇచ్చేశామన్నారు.

కాబట్టి పాఠక మహాశయులకు మనవి. నిజాంపేటలో మూడో అంతస్తు, తూర్పు ముఖం (పదకొండు డిగ్రీలు అటూ ఇటూగా), ఫ్యాన్లు, గీజరు, బట్టల స్టాండుతో సహా. డాక్యుమెంట్లు క్లియర్. ఎందుకమ్ముతున్నామంటే, నిజంగానే తెనాలి వెళ్లిపోతున్నాం. రేటు కూర్చుని మాట్లాడుకుందాం. వచ్చేటప్పుడు చుట్టాలమని చెప్పి లిఫ్టెక్కండి, సెల్లారులో ప్రెసిడెంటు గారుంటారు.