పరగడుపున చెంచాడు జన్యుచికిత్స

ఇక క్యాన్సర్ డాక్టర్లు వేరే పని చూసుకోవచ్చు. గానుగ నూనెల కొట్టువాళ్లు ఆ రోగం సంగతి తేల్చేశారు. మొన్నటిదాకా మోకాళ్ల నొప్పులకీ, రాలే జుట్టుకీ అమ్మిన కలోంజీ నూనెకి ఇప్పుడు కొత్త పదవి దక్కింది: ఎపిజెనెటిక్ ఔషధం, అంటే జన్యువుల స్విచ్చులు తిప్పే మందు! అలా చెప్పే వీడియో మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది.

అవిసె నూనె కూడా అంతేనట. ఎద్దు గానుగదైతే మరీ శ్రేష్ఠమట. ఎద్దుకి జన్యుశాస్త్రం ఎవరు నేర్పారో!

వీటన్నిటినీ భరిస్తాను గానీ, ఆ చెంచాని భరించలేను. పరగడుపున చెంచాడు తాగితే చెడ్డ జన్యువుల స్విచ్చులు ఆరిపోయి, మంచివి వెలుగుతాయట. ఏ చెంచా? కాఫీలో తిప్పేదా, పులిహోర వడ్డించేదా? నలభై కిలోల ముసలమ్మకీ, తొంభై కిలోల ఆమె కొడుక్కీ అదే చెంచా. లుకేమియాకీ, లివర్ క్యాన్సర్‌కీ అదే.

గొంతు దిగిన ఆ నూనె పేగులు దాటి, కాలేయానికి చిక్కకుండా తప్పించుకుని, కణితి అడ్రసు కనుక్కుని, సుమారు ఇరవై వేల జన్యువుల్లో తప్పు చేసినదాన్నే పట్టుకుని ఆర్పాలి. కరెంటు పోతే మన ఇంట్లో మన ఫ్యూజే మనకి దొరకదు!

కన్ను కన్నుగా, కాలేయం కాలేయంగా ఉండడానికి కారణం ఆ స్విచ్చులే. చెంచాడు నూనె నిజంగా వాటిని అటూ ఇటూ తిప్పేయగలిగితే, దాన్ని తాలింపులో వేయడానికి కూడా వణకాలి.

అసలు జరిగింది ఇంతే. కలోంజీ నూనెలో ఉండే థైమోక్వినోన్ అనే పదార్థాన్ని గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద వేస్తే, డీఎన్‌ఏకి గుర్తులు తగిలించే కొన్ని ఎంజైములు తగ్గాయి. పళ్లేనికి కాలేయం ఉండదు, కిడ్నీ ఉండదు, ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లలూ ఉండరు.

నిజమైన ఎపిజెనెటిక్ మందు ఎలా ఉంటుందో చూడండి. అజాసిటిడిన్‌ని 1964లో ప్రాగ్‌లో తయారుచేశారు. ఎముక మజ్జ జబ్బులకి అమెరికా అనుమతి దొరికింది 2004లో. ఒంటి కొలత చూసి మోతాదు కట్టి, 28 రోజులకోసారి వరసగా ఏడు రోజులు ఇస్తారు. రక్తకణాలు పడిపోతాయేమోనని కాపలా కాస్తారు. నలభై ఏళ్లు పట్టిన పని అది. ఈ పెద్దమనుషులు రీలు తీయడానికి పట్టినంతసేపట్లో ముగించేశారు.

మొక్కలంటే నాకేం పగ లేదు. పెరట్లో బిళ్లగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ ఇవాళ్టికీ పిల్లల లుకేమియాకి వాడుతున్నారు. మిల్లీగ్రాముల లెక్కన, నరంలోకి. అదే మందు పొరపాటున వెన్నులోకి ఎక్కితే ప్రాణం పోతుంది. ఆకులు నూరి తాగమని ఏ డాక్టరూ చెప్పలేదు.

రొమ్ములో గడ్డ చేతికి తగిలిన ఆడమనిషి అసలే భయంతో చచ్చిపోతుంటుంది. ఆమెకి కత్తి అక్కర్లేదు, జుట్టు ఊడదు అని చెప్పి సీసా చేతిలో పెట్టేవాడు ఏం తింటున్నాడో వాడికి తెలుసు. ఆరు నెలలయ్యాక ఆమె ఆసుపత్రికి వెళ్లేసరికి గడ్డ చంకలోకి పాకి ఉంటుంది. అప్పుడు వాడి ఫోన్ మోగదు, మోగినా తీయడు. సిగ్గులేని వ్యాపారం! 2024 నవంబరులో వేప, పసుపు క్యాన్సర్‌ని తగ్గిస్తాయన్న ప్రచారం చూసి, టాటా మెమోరియల్ ఆసుపత్రిలో పనిచేస్తున్న, గతంలో పనిచేసిన 262 మంది క్యాన్సర్ డాక్టర్లు నమ్మొద్దని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. అయినా సీసాలు ఆగలేదు.

క్యాన్సర్ తగ్గిస్తామని ప్రకటించడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు. మీ వీధిలో అలాంటి బోర్డు కనబడితే ఫొటో తీసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి పంపండి.