లైన్ లైన్‌కూ లెక్క: ఒక ప్రొఫైలర్ ఆత్మకథ

పైథాన్ కోడ్‌లో ఏ లైన్‌కు ఎంత సమయం పట్టిందో కొలిచే లైన్ ప్రొఫైలర్ తన కథ చెప్పుకోవాలంటే 2008కి వెళ్తుంది. తనను రాసింది రాబర్ట్ కెర్న్. పైథాన్‌లో అప్పటికే సీప్రొఫైల్ అనే ప్రొఫైలర్ ఉంది. ఏ ఫంక్షన్‌కు ఎంత సమయం పట్టిందో అది చెప్పేది కానీ, యాభై లైన్ల ఫంక్షన్‌లో ఆలస్యం ఏ లైన్‌లో జరిగిందో చెప్పలేకపోయేది. ఆ లోటు తీర్చడానికే తాను పుట్టింది.

కావలసిన ఫంక్షన్ పైన యాట్ ప్రొఫైల్ అనే డెకరేటర్ పెట్టి, ప్రోగ్రామ్‌ను తనతోపాటే వచ్చే కెర్న్‌ప్రాఫ్ కమాండ్‌తో, తగిన ఆప్షన్లు ఇచ్చి నడిపితే చాలు. పనయ్యాక ఒక పట్టిక ఇస్తుంది. ప్రతి లైన్ ఎన్నిసార్లు నడిచింది, మొత్తం ఎంతసేపు పట్టింది, ఒక్కోసారికి ఎంత, ఫంక్షన్ మొత్తం సమయంలో అది ఎంత శాతం, అన్నీ అందులో ఉంటాయి. వీటిలో తనకు ఎక్కువ ఇష్టం 'హిట్స్' కాలమ్. వెబ్ అప్లికేషన్ల జబ్బు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ధరూర్ మండలం రేవులపల్లి దగ్గర కృష్ణానది మీద ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు ఉంది. నిల్వ సామర్థ్యం 9.657 టీఎంసీలు. ఎగువన ఆల్మట్టి, నారాయణపూర్ నుంచి నీళ్లు వదిలారంటే ఇక్కడ అందరి చూపూ ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అంకెల మీదే. ఆ అంకెలు చూపే పేజీని ధరూర్‌కు చెందిన ఒకమ్మాయి జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో రాసిందనుకుందాం. పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది. ఆమె అనుమానమంతా డేటాబేస్‌ను అడిగే మొదటి లైన్ మీద.

లైన్ ప్రొఫైలర్ పట్టికలో ఆ లైన్‌కు పట్టిన సమయం దాదాపు సున్నా. జాంగో క్వెరీసెట్ రాసిన చోట నడవదు, దాన్ని వాడిన చోట నడుస్తుంది. అసలు సమయం కింద లూప్‌లో ఉంది. ప్రతి రీడింగ్‌కూ స్టేషన్ పేరు తెచ్చే చిన్న లైన్ 300 సార్లు నడిచింది, ప్రతిసారీ డేటాబేస్‌కు కొత్త క్వెరీ వెళ్లింది. ఒక్కోదానికి 2 మిల్లీసెకన్లే పట్టినా మొత్తం 600 మిల్లీసెకన్లు. మొదటి లైన్‌కు సెలెక్ట్ రిలేటెడ్ జోడిస్తే 301 క్వెరీలు ఒక్కటవుతాయి. కోడ్‌ను ఎంతసేపు చదివినా తెలియని సంగతిని ఒక్క అంకె బయటపెట్టింది. తన బతుకు సార్థకమైందని లైన్ ప్రొఫైలర్ అనుకునేది ఇలాంటప్పుడే.

తనకూ హద్దులున్నాయి. డెకరేటర్ పెట్టిన ఫంక్షన్ లోపలే చూడగలదు. అదే లూప్ టెంప్లేట్‌లో ఉంటే సమయమంతా రెండర్ లైన్ ఖాతాలో పడుతుంది, అంతకు మించి తెలియదు.

సర్వర్‌తో కలిసి పనిచేయడంలో కొన్ని మెలకువలు కావాలి. మామూలుగా కెర్న్‌ప్రాఫ్ ఫలితాలు రాసేది ప్రోగ్రామ్ ముగిశాకే. వెబ్ సర్వర్‌ను మనం ఆపితేగానీ అది ఆగదు. పైగా జాంగో రన్‌సర్వర్ ఆటోరీలోడ్ కోసం కోడ్‌ను వేరే ప్రాసెస్‌లో నడుపుతుంది కాబట్టి నోరీలోడ్ ఆప్షన్ ఇవ్వాలి. మరో వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫ్లాస్క్‌లో అయితే రూట్ డెకరేటర్ పైన, ప్రొఫైల్ దాని కింద ఉండాలి. తారుమారైతే ఫ్లాస్క్ అసలు ఫంక్షన్‌నే నమోదు చేసుకుంటుంది, పట్టిక ఖాళీగా వస్తుంది. ప్రతి లైన్‌ను కొలవడానికీ కొంత సమయం పడుతుంది. అందుకే జనం వాడే సర్వర్ మీద కాకుండా సొంత కంప్యూటర్ మీద కొలవడమే మేలు.

పాత రోజుల్లో కెర్న్‌ప్రాఫ్ లేకుండా నడిపితే 'ప్రొఫైల్' పేరు తెలియదంటూ ప్రోగ్రామ్ ఆగిపోయేది. 4.1 వెర్షన్ నుంచి ఆ డెకరేటర్‌ను లైన్ ప్రొఫైలర్ నుంచే ఇంపోర్ట్ చేసుకోవచ్చు. లైన్ ప్రొఫైల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 ఇస్తే కొలుస్తుంది, ఇవ్వకపోతే ఫంక్షన్‌ను ఉన్నదున్నట్టు వదిలేస్తుంది.