మూడు నిమిషాల భజన

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో సాయంత్రాలు మాట్లాడటం నేర్పే క్లబ్బులకు వెళ్ళి చూడండి. అక్కడ చెడ్డగా మాట్లాడినవాడు ఇంతవరకు పుట్టలేదు. మొదలెక్కడో చివరెక్కడో తెలియని ప్రసంగమైనా సరే, వక్త దిగి వచ్చేసరికి 'సూపర్ అండీ, ఐ కాంటాక్ట్ అదిరిపోయింది' అనే ఆశీర్వచనం సిద్ధం.

1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ పద్ధతినే మన క్లబ్బులు చాలావరకు పాటిస్తాయి. ప్రసంగానికి మామూలుగా 5 నుంచి 7 నిమిషాలు, దాని మంచిచెడ్డలు చెప్పేవారికి 2 నుంచి 3 నిమిషాలు. టైమర్ దగ్గర ఆకుపచ్చ, పసుపు, ఎరుపు సంకేతాలు. 'ఆ', 'అమ్' లెక్కపెట్టడానికి ఒకరు, భాష చూడటానికి ఒకరు, విమర్శకుల్ని విమర్శించడానికి ఇంకొకరు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంతమంది పెద్దలుండరు. ఏర్పాటులో లోపం లేదు. ఆ కుర్చీల్లో కూర్చున్నది మనం కావడమే చిక్కు.

ముందు మెచ్చుకోలు, మధ్యలో సూచన, చివర మళ్ళీ మెచ్చుకోలు. దీనికి శాండ్‌విచ్ అని పేరు. మన దగ్గర రెండు బ్రెడ్డు ముక్కలే మిగిలాయి, మధ్యలోది ఎవరో తినేశారు. పొరపాటున సూచన ఒకటి మిగిలినా అది 'చేతులు ఇంకాస్త కదిపితే బావుండేది' అన్న బాపతే. రైతుల అప్పుల గురించి మాట్లాడిన అమ్మాయికి 'కొంచెం చిరునవ్వు ఉండాల్సింది' అని చెప్పగల సమర్థులు మనవాళ్ళు. పదకొండు 'ఆ'లు, నాలుగు 'సో'లు, రెండు 'యాక్చువల్లీ'లు అని పైసలతో సహా లెక్క అప్పజెప్తారు. మాటలో సరుకెంత అని చూడటానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు.

ఎందుకుంటుంది? ఈ వారం తక్కెడ నా చేతిలో ఉంటే వచ్చే వారం మీ చేతికొస్తుంది. పైగా వక్త మన మేనేజరే అయితే, అక్కడ జరిగేది ప్రసంగ సమీక్ష కాదు, మన అప్రైజల్.

దీనికి విరుగుడుగా ఇంకో జాతి తయారైంది. కప్పులు గెలిచిన సీనియర్లు. తొలి ప్రసంగం చేసి చెమటలు కక్కుతున్న కుర్రాణ్ణి పట్టుకుని 'నీలో కాన్ఫిడెన్స్ లేదు' అని నిలువునా కడిగేసి, మిగిలిన రెండు నిమిషాలూ తాము కప్పు గెలిచిన కథ చెప్తారు. వక్త పేరు ఒకసారి, 'నేను' పదిసార్లు.

భజన చేసేవాడిదీ, కడిగేసేవాడిదీ ఒకటే తప్పు. ఇద్దరూ మనిషినే చూస్తారు, ప్రసంగాన్ని చూడరు. క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు 1996లో ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను క్రోడీకరించారు. మొత్తం మీద అది మేలే చేస్తున్నా, మూడోవంతుకు పైగా సందర్భాల్లో పనితీరు దిగజారిందని తేలింది. దృష్టి పని మీంచి మనిషి మీదికి మళ్ళేకొద్దీ దాని ఫలితం తగ్గుతుందని వాళ్ళ నిర్ధారణ.

అంతదూరం ఎందుకు, మన అష్టావధానమే ఉంది. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత రాబోయేదాన్ని పసిగట్టి పృచ్ఛకుడు అడ్డుకుంటాడు. నిండు సభలో, ముఖం మీదే. అవధాని దాన్ని అవమానమనుకోడు, ఎందుకంటే పృచ్ఛకుడి గురి పద్యం మీద. అదే పృచ్ఛకుడు 'మీ పంచెకట్టు అద్భుతం' అని కూర్చుంటే అవధానం సాగుతుందా?

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, విన్నది చెప్పండి. 'రెండో నిమిషంలో మీ నాన్నగారి కిరాణా కొట్టు కథ మొదలైంది. మూడో నిమిషానికి ప్లాస్టిక్ నిషేధంలోకి వెళ్ళారు. రెండింటికీ ముడి నాకు దొరకలేదు. వచ్చేసారి ఆ కొట్టు కథే చివరిదాకా చెప్పండి.' ఇంతే. దీనికి అరనిమిషం చాలు. మిగతా సమయమంతా కావలసినంత పొగుడుకోండి, ఎవరొద్దన్నారు?

అదీ చేతకాదంటే క్లబ్బు బోర్డు మార్చి 'పరస్పర డబ్బా సంఘం' అని రాయించండి. చందా కట్టేవాడికి తాను ఏం కొంటున్నాడో ముందే తెలుస్తుంది.