హవల్దారు గారూ, ఇది మా పరిధిలోకి రాదు

మిలిటరీ మాధవరం లాంటి ఊరి హవల్దారును ఒకణ్ణి ఊహించుకోండి. సర్వీసంతా ఫిరంగుల పక్కనే గడిచింది, చెవులు పోయాయి. ఇంటికి పంపేటప్పుడు మెడికల్ బోర్డు కాగితం చేతిలో పెట్టింది: వైకల్యం 30 శాతం, సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, ముదిరిందీ కాదు. అంటే ఫిరంగుల తప్పేం లేదు. సెలవుల్లో విన్న తిరునాళ్ల మైకుదే అయ్యుంటుంది.

వైకల్య పింఛను కోసం సైనిక ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. 2007లో చట్టం, 2009లో ప్రారంభం. మనవాళ్లకు చెన్నై బెంచి దిక్కు. అక్కడ ఓడితే? రాజ్యాంగం 136(2) ప్రకారం సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్ దారి లేదు. 227(4) ప్రకారం హైకోర్టు అజమాయిషీ లేదు. మిగిలింది 226, అంటే రిట్టు. 2015 మార్చిలో శ్రీకాంత్ శర్మ కేసులో సుప్రీంకోర్టు అదీ కుదరదంది. చట్టంలో సుప్రీంకోర్టుకు అప్పీలు ఉండగా హైకోర్టులు వీటిలో తలదూర్చకూడదట.

ఉంది, అప్పీలు ఉంది. కాకపోతే కేసులో ప్రజలందరికీ ముఖ్యమైన న్యాయప్రశ్న ఉందని సర్టిఫికెట్ కావాలి. దాని కోసం ముందు అడగాల్సింది ఎవరిని? ఓడించిన ట్రిబ్యునల్‌నే! హవల్దారు చెవిలో దేశానికంతటికీ పనికొచ్చే న్యాయప్రశ్న ఎక్కణ్ణుంచి వస్తుంది? అతని పింఛను అతని ఇంటికి మాత్రమే ముఖ్యం.

ఈలోగా రైల్వే గుమాస్తా తన ట్రిబ్యునల్‌లో ఓడినా, 1997 నాటి చంద్రకుమార్ తీర్పు పుణ్యమా అని దర్జాగా హైకోర్టు మెట్లెక్కుతున్నాడు. రిజర్వేషన్ కౌంటరులో కూర్చున్నవాడికున్న యోగం సరిహద్దులో నిలబడ్డవాడికి లేకపోయింది. కేసుల బరువుతో నడుం వంగిన హైకోర్టులకు 'మా పరిధి కాదు' అన్న మాట ఎంత తేలికో వేరే చెప్పాలా?

ఎనిమిదేళ్ల తర్వాత, 2023 మార్చిలో, పరశోతం దాస్ కేసులో సుప్రీంకోర్టే ఆ మాట వెనక్కి తీసుకుంది. హైకోర్టుల రిట్ అధికారాన్ని ఎవరూ తీసేయలేరంది. వద్దు వద్దని వాదించింది కేంద్ర ప్రభుత్వం.

తలుపు తెరుచుకున్నాక అందులోకి గుంపుగా దూరిందెవరో తెలుసా? ఆ కేంద్రమే. ట్రిబ్యునల్ సైనికులకు ఇచ్చిన వైకల్య పింఛన్లు రద్దు చేయమని ఢిల్లీ హైకోర్టులో రిట్లు గుట్టలు పోసింది. 2025లో దాదాపు 300 పిటిషన్లను ఆ కోర్టు ఒక్క తీర్పుతో కొట్టేసింది. పరిధి లేదని మాత్రం ఈసారి సర్కారు లాయర్లకు గుర్తు రాలేదు.