ఐదు నిమిషాల ఖరీదు

1921 ఏప్రిల్‌లో గాంధీ కాకినాడ వస్తున్నారని ఊరంతా తెలిసింది. టౌన్‌హాల్లో బహిరంగ సభ. పెద్దలంతా ఆ హడావుడిలో ఉన్నారు. దుర్గాబాయికి అప్పటికి పన్నెండో ఏడు నడుస్తోంది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేశారు. పన్నెండేళ్లు నిండకముందే పట్టుబట్టి హిందీ నేర్చుకుంది. తర్వాతి కాలంలో రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఈ పిల్లే.

ఊళ్లో పెద్దసంఖ్యలో దేవదాసీలున్నారు. గోషా దాటి గడప బయట అడుగుపెట్టని ముస్లిం స్త్రీలున్నారు. ఇద్దరి బతుకులూ ఆ పిల్ల కళ్లారా చూసింది. వీళ్లు టౌన్‌హాలు సభకు ఎలాగూ రాలేరు. గుళ్లో ఆడటానికి, పెళ్లి ఊరేగింపుల ముందు నడవటానికి దేవదాసి కావాలి గాని, సభలో ఇంటి ఇల్లాళ్ల పక్కన కూర్చుంటానంటే ఎవరు ఒప్పుకుంటారు? అందుకని వాళ్లను గాంధీతో విడిగా కలిపించాలనుకుంది. వెళ్లి నిర్వాహకులను అడిగింది.

ఐదు వేల రూపాయల విరాళం ఇప్పిస్తే గాంధీగారు ఐదు నిమిషాలు కేటాయిస్తారన్నారు వాళ్లు.

డబ్బు అవసరం నిజమే. అప్పుడే బెజవాడలో కాంగ్రెస్ కమిటీ తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచెయ్యాలని తీర్మానించింది. ఊరూరా పెద్దలు ఆ లెక్కలోనే ఉన్నారు. కానీ పన్నెండేళ్లు నిండని పిల్లను ఐదు వేలు తెమ్మనడం నిధి కోసం కాదు, వదిలించుకోవడానికి. ఆ రోజుల్లో ఐదు వేలంటే ఆస్తి.

దుర్గాబాయి ఆ మాటను మాటగానే తీసుకుంది. తిన్నగా దేవదాసీల దగ్గరికి వెళ్లి చెప్పింది. వాళ్లు బేరం ఆడలేదు, ఎందుకని అడగలేదు. ఐదు వేలూ పోగుచేసి ఇచ్చారు.

డబ్బు వచ్చింది, చోటు లేదు. ఈ ఆడవాళ్లకు సభ పెట్టుకోవడానికి స్థలమిచ్చేదెవరు? దుర్గాబాయే తిరిగి తిరిగి, టౌన్‌హాలుకు వెళ్లే దారిలో ఒక బడి ఆవరణ అడిగి సంపాదించింది. బురఖాలు వేసుకున్నవాళ్లూ, కాళ్లకు గజ్జెలు కట్టే వృత్తిలో పుట్టినవాళ్లూ ఆ ఆవరణలో పక్కపక్కన కూర్చున్నారు. ఆ కూర్చోవడమే నా మటుకు నాకు ఆనాటి కాకినాడలో జరిగిన అతి పెద్ద సంగతి.

గాంధీ వచ్చారు. ఐదు నిమిషాలు అయిపోయాయి. ఆయన లేవలేదు. దేవదాసీ ఆచారం పోవాలన్నారు, గోషా పోవాలన్నారు. ఆయన హిందీని దుర్గాబాయి అక్కడికక్కడే తెలుగు చేసి చెప్తోంది. అరగంట దాటింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి చేతి గాజులు, మెడలో గొలుసులు తీసి ఆయన ముందు పెట్టడం మొదలుపెట్టారు. నగలూ నగదూ కలిపి పాతిక వేల దాకా తేలింది. నిధికోసమే అడిగామని పెద్దలు చెప్పుకున్నా సరే, అడిగినదానికి అయిదింతలు వచ్చింది.

సభ ముగిసింది. పిల్ల పని అయిపోయింది, ఇంటికి పోవచ్చు. గాంధీ పోనివ్వలేదు, తన కారులోనే ఎక్కించుకుని టౌన్‌హాలుకు తీసుకెళ్లారు. అక్కడ జనం ఇసకవేస్తే రాలనట్టున్నారు. అనువాదానికి దేశభక్త కొండా వెంకటప్పయ్యగారు సిద్ధంగా ఉన్నారు. ఆయన హోదా, అనుభవం ఆంధ్రదేశమంతటికీ తెలుసు. గాంధీ ప్రసంగం మొదలైంది, వెంకటప్పయ్యగారు తెలుగులో అందుకున్నారు. గాంధీ ఆయన్ను ఆపారు. దుర్గాబాయిని ముందుకు పిలిచి, తన మాటలు ఈ అమ్మాయే చెబుతుందన్నారు. ఆ తర్వాత ఆంధ్రలో ఎక్కడికొచ్చినా ఆమెనే అనువాదానికి పిలిచేవారు.

ఆ రోజు టౌన్‌హాల్లో ఐదు నిమిషాలకు ఐదు వేలు అడిగిన పెద్దల చెవిన గాంధీ మాట ఒక్కటైనా తెలుగులో పడాలంటే, ముందు ఆ పిల్ల నోరు విప్పాలి.